అడ్డబండ

మొన్న ఆళ్లగడ్డకు పోయి వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. కడుపులో జబ్బేమీ లేదు. కంచం ముందు కూర్చుంటే చాలు, ఆ ఫంక్షన్ హాల్లో బిర్యానీ పొట్లాల వాసన ముక్కుకు తగిలి వాంతి వచ్చినంత పనవుతుంది. నంద్యాలలో మా పక్కింటావిడ "ఏం మేడమ్, చిక్కిపోయినారే" అంటే వయసు మీదికి నెట్టేసి ఊరుకుంటున్నాను. అసలు సంగతి రోత. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, మర్యాదగా మాటలు ఏరుకుని రాయడం చేతనవును గానీ ఈసారి మర్యాదను పక్కన పెడుతున్నాను. మా అక్క రూతమ్మకు జరిగింది చెప్పాలంటే ముందు మా వీధి గురించి, ఆ వీధిలో గుమ్మాలకు వేసే బండ గురించి చెప్పాలి.

మా నాయన దావీదు సారు ఆళ్లగడ్డలో పంతులు పని చేస్తూ, వక్కిలేరనే ఏటికి దగ్గరగా ఒక వీధి కొసన ఇల్లు కట్టుకున్నాడు. వీధి పొడవునా నేల వాలుగా దిగుతూ దిగుతూ వచ్చి మా ఇంటి దగ్గర ఆగేది. అంత పల్లంలో ఎందుకు కట్టాడంటే అక్కడే స్థలం దొరికింది. దొరికింది అనడం కూడా మర్యాదకే. మెరకలో స్థలాలు అమ్మేవాళ్లు ఉండేవాళ్లు, మాకు అమ్మేవాళ్లు లేరు. ఆదివారం చర్చికి పోయే కుటుంబం పక్కన ఉంటే వాళ్ల దేవుళ్లకు నిద్ర పట్టదేమో మరి. పాతకాలం అనగానే అందరం అన్నదమ్ముల్లా ఉండేవాళ్లమని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. మా అమ్మ ఇచ్చిన మజ్జిగ ముట్టని ఇళ్లు ఆ వీధిలో ఎన్ని ఉండేవో నాకు తెలుసు. అయినా ఆ వీధికి ఒక పద్ధతి ఉండేది. అది రావడానికి మనుషుల మంచితనం కంటే బండ బరువే ఎక్కువ కారణం.

వీధిలో ప్రతి గుమ్మానికీ చెరోపక్క నడుమెత్తు రాతికూసాలు పాతి ఉండేవి. కూసాలకు లోపలి వైపు నిలువునా గాడి చెక్కి ఉండేది. ఏరు పొంగి వీధిలోకి వచ్చేలా ఉంటే, బేతంచెర్ల నుంచి తెచ్చిన మందమైన నాపబండను పైనుంచి ఆ గాడిలోకి దించి, సందుల్లో రేగడిమన్నూ పేడా కలిపి మెత్తేవాళ్లు. నీళ్లు బయటే ఆగిపోయేవి. దాన్ని అడ్డబండ అనేవాళ్లం. మిగతా కాలమంతా అది ఇంటి ముందర పడి ఉండేది. మా బండ మీద అమ్మ బట్టలు ఉతికేది, మిరపకాయలు ఆరబోసేది. సాయంత్రం నాయన దానిమీదే కూర్చుని లవంగం నములుతూ పిల్లల పుస్తకాలు దిద్దేవాడు. సబ్బు, మిరప ఘాటు, లవంగం కలిసిన ఆ బండ వాసన నాకింకా గుర్తే. ఎండాకాలం పొద్దుగూకినా దానిమీద పడుకుంటే వీపు కాలేది, అయినా లేచేదాన్ని కాదు. ఆ బండ నలుగురు పడితే గానీ లేవదు. నలుగురు మగవాళ్లున్న ఇల్లు మా వీధిలో లేదు, ఉన్నా వాన వచ్చే వేళకు అందరూ ఇంట్లో ఉండరు. ఎంత మోతుబరి అయినా తన గుమ్మం తాను మూసుకోలేడు. పొలం పనుల్లో ఒకరికొకరు బదులు పోతారే, మా వైపు దాన్ని ముయ్యి అంటారు. అట్లాగే వానలప్పుడు బండకు ముయ్యి పోయేవాళ్లు. నీ గుమ్మానికి నేను, నా గుమ్మానికి నువ్వు.

వానలు పడకముందే ఇంట్లో హడావుడి మొదలయ్యేది. అమ్మ మిరపకాయల బస్తా, జొన్నల మూట అటక ఎక్కించేది. అగ్గిపెట్టెలు, ఉప్పు పొట్లం, బైబిలు ఒక రేకు డబ్బాలో పెట్టి మూత చుట్టూ మైనం పూసేది. కిరసనాయిలు సీసా ఉట్టిలోకి పోయేది, దానితో ఇల్లంతా ఆ వాసనే, మజ్జిగలో కూడా. నాయన బడి నుంచి నేరుగా ఏటిగట్టుకు పోయి వచ్చేవాడు. చెప్పులు విడుస్తూనే "నీళ్లు వాసనొస్తాండాయి" అనేవాడు. నల్లమలలో వాన పడితే ఏరు పొంగిన చప్పుడు కంటే ముందే దాని వాసన మా వీధికి చేరేది, కుళ్లిన ఆకూ తడిసిన రేగడీ కలిసిన వాసన. అమ్మ "నీ ముక్కు కంటే రేడియో నయం" అని ఎగతాళి చేసేది గానీ, ఆ మాట అంటూనే పెద్ద బాన పొయ్యి మీద పెట్టి సంగటి ఎక్కువ కెలికేది, బండలు మోసేవాళ్లకని. వాళ్లలో చాలామంది తినరని ఆమెకు తెలుసు. అయినా కెలికేది. మరుసటి రోజు ఆ మిగిలిపోయిన సంగటిని మేం మజ్జిగలో పిసుక్కుని తాగేవాళ్లం.

మొదట్లో బండలు మెరక నుంచి వేసుకుంటూ వచ్చేవాళ్లు. పెద్దవాళ్ల ఇళ్లు అక్కడ ఉన్నాయి కాబట్టి ముందు వాళ్ల గుమ్మాలు, చివర మా పక్కిల్లు, ఆ తర్వాత ఓపిక ఉంటే మాది. ఆ పక్కింట్లో లచ్చుమమ్మవ్వ అని ఒకామె ఉండేది. చెవుడు, నోరు మాత్రం వీధంతా వినబడేది. ఒకరోజు మధ్యాహ్నమే బడి విడిచిపెట్టి మమ్మల్ని ఇళ్లకు తరిమిన వాన. బండలు వేసేవాళ్లు అవ్వ ఇంటికి చేరేసరికి వీధిలో మోకాలెత్తు నీళ్లు. అవ్వ కొడుకు పుల్లయ్య, తల్లి అందరితో పాటు బడి మిద్దె మీదికి పోయిందనుకున్నాడు. ఎవరూ లోపలికి తొంగి చూడలేదు, పిలవలేదు. గబగబా తలుపు లాగి, బండ దించి, మన్ను మెత్తి పోయారు. అవ్వేమో అటక మీద శనగల మూటకు కాపలా కూర్చుని ఉంది. రాయి మీద మా వాళ్లకు అంత నమ్మకం. గుమ్మం మూస్తే ఇల్లు మూసినట్టే అనుకున్నారు. స్నానాలు చేసే జాలాడి మూలన మురుగు బయటికి పోవడానికి తూము ఉంటుందని, పోయే దారిలోనే నీళ్లు వస్తాయని ఎవరికీ తోచలేదు. ఆ తూములోంచి నీళ్లు లోపలికి తన్నుకొచ్చాయి. వచ్చినవి బయటికి పోకుండా బండ అడ్డం. ఇల్లు తొట్టిలా నిండడం మొదలైంది.

మేం అప్పటికే మిద్దె ఎక్కి ఉన్నాం. పక్కింట్లో చెంబుతో దూలాన్ని కొడుతున్న చప్పుడు మొదట విన్నది మా అక్క. మగవాళ్లు మళ్లీ నీళ్లలో దిగారు గానీ, కాళ్లు నిలవక, బురదకు చేతులు జారి, బండను పైకి ఎత్తలేకపోయారు. దాని వెనక తలుపేమో లోపలి నీళ్ల బరువుకు బిగుసుకుపోయింది. ఇక మిగిలింది గవాచి. మట్టిమిద్దెల్లో వెలుతురు కోసం పైకప్పులో వదిలే కంత అది, అందులో మగమనిషి పట్టడు. అక్క అప్పుడు చీపురుపుల్లలా ఉండేది. నాయన దుప్పటీ చేదతాడూ తెచ్చి, తాడు దాని నడుముకు కడుతుంటే అమ్మ ఆ తాడు పట్టుకుని "ఊర్లో నా బిడ్డే కనబడిందా మీకు?" అని ఏడ్చింది. "దాంట్లో పట్టేది ఇదొక్కటే, ఇడువు" అన్నాడు నాయన. అక్క పరికిణీ దోపుకుని గవాచిలోకి దిగింది. ఎంతసేపటికో కింది నుంచి "లాగండి" అని అరిచింది. దుప్పట్లో కట్టిన అవ్వ పైకి వచ్చింది, శనగల మూట వదలకుండా, అక్కను నోటికొచ్చినట్టు తిడుతూ. ఆ తర్వాత అక్క వచ్చింది, రెండు భుజాలూ రాళ్లకు గీరుకుపోయి నెత్తురు కారుతూ.

ఒళ్లు తేరుకున్నాక అవ్వ చేసిన మొదటి పని తలకు పోసుకోవడం. మా అక్క ఆమెను కౌగిలించుకుని మోసింది కదా, మైలపడింది. మా దుప్పటిని కట్టెతో ఎత్తించి మా గోడ మీద వేయించింది. అమ్మ నవ్వి ఊరుకుంది. నాకు ఆరోజు సంగతి అర్థం కాలేదు, అర్థమైనాక ఏనాడూ నవ్వు రాలేదు. నాయన మాత్రం ఆ సాయంత్రం నీళ్లు తగ్గగానే తడిబట్టలతోనే వీధిలో అందర్నీ నిలబెట్టాడు. ఆయన గొంతు అంత గట్టిగా లేవడం నేను మళ్లీ వినలేదు.

"ఇంక మీదట పల్లం ఇంటి నుంచే బండలు ఎయ్యాల. నీళ్లు యాడ ముందొస్తాయో ఆడికి ముందు పోవాల. లోపల ఎవురుండారో పేరు పెట్టి పిలిచి, ఆళ్లు గడప దాటి బయటికొచ్చినాకనే బండ ముట్టాల. అడక్కుండా ముట్టినోని చేతులు ఇరగ్గొడతా."

పంతులు మాట, అందులోనూ మా పంతులు మాట, వాళ్లు వింటారని మేం అనుకోలేదు. పుల్లయ్య తలవంచుకుని "అట్లే సారూ" అన్నాడు. తల్లి బతికినవాడు ఒప్పుకున్నాక మిగతావాళ్లు కాదనలేకపోయారు. ఆ తర్వాత వాన ముదిరిన ప్రతిసారీ పుల్లయ్య ముందు మా గుమ్మానికే వచ్చేవాడు. "సారూ! సారమ్మా! రూతూ! సుగుణా!" అని వానలో నిలబడి కేకేసేవాడు. మేం ఒక్కొక్కరం పలుకుతూ గడప దాటేవాళ్లం. అక్క అంతకుముందే పాతచీర పేలికలు ఉండచుట్టి జాలాడి తూములో దట్టించి వచ్చేది, అది దాని పని. అప్పుడు గానీ బండ లేచేది కాదు. ఆ పుల్లయ్య మా ఇంట చుక్క నీళ్లు తాగలేదు, చచ్చేదాకా తాగలేదు. మా బండకు మాత్రం భుజం కాయలు కాసేలా మోశాడు. ఆ మనిషిని మెచ్చుకోవాలో ఛీ కొట్టాలో నాకు ఇన్నేళ్లకూ తెలియలేదు.

ఇప్పుడు ఆ వీధిలో మజ్జిగేం ఖర్మ, అందరూ అందరిళ్లలో బిర్యానీలే తింటారు. సంతోషం. కానీ సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు పోసి వీధిని ఎత్తు చేశారు. వీధి ఎత్తు పెరిగిందని ప్రతివాడూ ఇల్లు పడగొట్టి ఇంకా ఎత్తున కట్టుకున్నాడు. కారు ఎక్కించడానికి మురికికాలువ మీద ర్యాంపు పోసుకున్నాడు. అక్కడ ఒక కాలువ ఉండేదంటే పిల్లలు నమ్మరు. రాతికూసాలు పీకి ఎక్కడ పారేశారో తెలియదు. నీళ్లను పక్కింటికి తోలడానికి ఇప్పుడు జాగ్రత్త అని పేరు. ఆ జాగ్రత్తలన్నీ దాటుకుని వీధిలో నీళ్లు చివరికి చేరేది నాయన కట్టిన ఇంట్లో ఒక్కతే ఉంటున్న మా అక్క గుమ్మానికే. కప్పు మాత్రం సిమెంటుది పోయించింది గానీ, గుమ్మం, కూసాలు, బండ నాయన నాటివే. ఇంట్లోకి పోవాలంటే రోడ్డు మీద నుంచి మెట్లు దిగాలి. వెనక కొత్త మేడవాళ్లు గోడ లేపేసరికి పెరటి తలుపు మూసుకుపోయింది. కుట్టుమిషన్ తొక్కి తొక్కి అక్క మోకాళ్లు అరిగిపోయాయి. నా దగ్గరికి నంద్యాలకు రమ్మంటే "నా మిషన్ను, గిరాకీని ఇడిసిపెట్టి యాడికొస్తానే" అంటుంది. వాన అన్నప్పుడల్లా నాకు నిద్ర ఉండదు.

అందుకే ఓబులేసు ఫోన్ చేసినప్పుడు నేను నమ్మాను. ఓబులేసు పుల్లయ్య కొడుకు, ఆ లచ్చుమమ్మవ్వకు మనవడు, ఇప్పుడు ఆ వీధి వరద కమిటీకి అధ్యక్షుడు. "మేడమ్, మీ నాయన పెట్టిన పద్ధతే మళ్లా మొదలుపెడతాండాం. మీరొచ్చి స్టేజి మీద కుసోవాల" అన్నాడు. ఎంత సంబరపడ్డానంటే, బస్సు శిరివెళ్ల దాటేదాకా మాట్లాడాల్సింది మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను. వాన వచ్చినరోజు మా అక్క గుమ్మం ముందు నిలబడి దాన్ని పేరు పెట్టి పిలిచే నలుగురు మనుషులు. నాకు కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

ఫంక్షన్ హాలు ముందు ఫ్లెక్సీలో ఓబులేసు మొహం గుమ్మం అంత ఉంది. లోపల కాషాయరంగు జాకెట్లు తొడుక్కున్న కుర్రాళ్లు మెడలో ఈలలు వేసుకుని సెల్ఫీలు దిగుతున్నారు. శాలువాలు కప్పుకోవడానికే చాలాసేపు పట్టింది. ఉపన్యాసాల్లో విపత్తు అనే మాట ఎన్నిసార్లు వచ్చినా, వీధిలో పూడ్చిన కాలువ మాట ఒక్కసారి రాలేదు. తర్వాత తెర మీద ఒక వీడియో వేశారు. వెనక సినిమా సంగీతం. నలుగురు కుర్రాళ్లు మా అక్క గుమ్మానికి బండ దించుతున్నారు, బండ వెనక మా అక్క మొహం కనబడుతోంది. "మన వారసత్వ పద్ధతి, ఈ పొద్దున్నే తీసినాం" అని మైకులో అన్నాడు ఓబులేసు. చప్పట్లు. నేను కుర్చీ పక్కకు జరిపి అతన్ని అడిగాను.

"ఓబులేసూ, ఆ బండ మళ్లా తీసేసినారా?"

"ఆఁ, పిల్లోళ్లు తీసేసింటార్లే మేడమ్. మీరు తినండి" అని నా ఒళ్లో బిర్యానీ పొట్లం పెట్టాడు.

తీసేసింటార్లే. ఆ మాట వినగానే పొట్లం కుర్చీలో పెట్టి బయటికి వచ్చాను. నల్లమల దిక్కు మబ్బు కాటుకలా ఉంది, చినుకులు మొదలయ్యాయి. హాలుకూ వీధికీ దగ్గరే అయినా నా నడకకు అది తరగలేదు. చూద్దును కదా, గుమ్మానికి బండ వేసినది వేసినట్టే ఉంది. సందుల్లో మన్ను కూడా మెత్తారు, వీడియోలో బాగా కనబడాలని. బండకు అవతల స్టూలు మీద కూర్చుని ఉంది మా అక్క.

"వచ్చినావా?" అంది. "ఒక్క నిమిషం అవ్వా, తీసేస్తాం అని పోయినారు ఆ పిల్లోళ్లు. పొద్దున్నుంచి ఈడే కుసోని ఉండా."

"నిన్ను బయటికి పిలవలేదా అక్కా?"

"ఎందుకు పిలవలేదూ? అవ్వా, కెమెరా దిక్కు చూడు అని పిలిచినారు."

ఓబులేసుకు ఫోన్ చేశాను. "ప్యాకెట్లు పంచుతాండాం మేడమ్, పిల్లోళ్లను ఇప్పుడే పంపిస్తా" అన్నాడు. వాళ్ల వాట్సాప్ గ్రూపులో నన్నూ చేర్చారు కదా, అందులో రాశాను, మా అక్క లోపల ఇరుక్కుంది, నలుగురు రండి అని. బొటనవేళ్లు వచ్చాయి, దండాలు పెట్టే చేతులు వచ్చాయి. ఆ వెంటనే ఎవడో అదే బండ ఫోటో పెట్టి, మన వీధి గర్వం అని రాశాడు. ఎదుటి మేడ మీద ఒకామె కనబడితే కేకేశాను. "మా ఆయన హాల్లోనే ఉండాడు మేడమ్, నాకేమో నడుము నొప్పి" అని, ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. నడుమెత్తు బండ ఎక్కి దిగగలిగితే నేనే పోయి అక్కను ఎత్తుకొచ్చేదాన్ని. నా మోకాళ్లూ దాని మోకాళ్లకు చెల్లెళ్లే.

వాన పెరిగింది. ఎత్తు చేసిన రోడ్డు మీది నీళ్లన్నీ ఒకటే దారిన వచ్చి, నేను నిలబడిన మెట్ల గుంతలోకి దూకుతున్నాయి. చీలమండలు మునిగాయి. ఎంత అరిచినా పలికే దిక్కు లేదు. ఈ వీధిలో నేను పుట్టి పెరిగినందుకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా అసహ్యమేసింది, ఆ మేడల మీద, రంగు జాకెట్ల మీద, దండాలు పెట్టే ఆ బొమ్మచేతుల మీద. అక్క ఇంట్లోకి తల తిప్పి చెవి పెట్టి వింది.

"సుగుణా, జాలాడిలో గుడగుడమంటాంది. వంగి పేలికలు కుక్కనీకి నా మోకాళ్లు రావు" అంది.

దాని గొంతులో భయం నేను మొదటిసారి విన్నాను. గవాచిలోకి దిగిన రోజు కూడా వినలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి పోయి, రోకలి తెచ్చి బండ మీది నుంచి నా చేతికిచ్చింది.

"కొట్టు."

"నాయన బండే అక్కా."

"నాయనే ఉంటే ఎప్పుడో పగలగొట్టేటోడు. నడిమద్దెన కొట్టు, అంచు మీద కాదు."

కొట్టాను. చేతులు ఝుమ్మన్నాయి, బండకు ఏమీ కాలేదు. మళ్లీ కొట్టాను, ఓబులేసును కొట్టినట్టు, ఆ మేడ మీద ఆవిడ తలుపును కొట్టినట్టు, నోటికి రాని తిట్లన్నీ తిట్టుకుంటూ కొట్టాను. కసితీరా కొట్టేకొద్దీ ఏడుపొచ్చింది. ఎక్కడో టప్పుమని పగులు పారింది. అక్క లోపలి నుంచి పచ్చడిబండతో కొట్టింది. బండ రెండు ముక్కలై ఒకటి నా కాళ్ల పక్కన నీళ్లలో పడింది.

పిలిస్తే రాని వీధి ఆ చప్పుడుకు వచ్చింది. ఒక్కో తలుపూ తెరుచుకుంది, మేడల మీద గొడుగులు లేచాయి. ఫోన్లు పట్టుకున్న చేతులు ముందుకు వచ్చాయి. అప్పుడే ఓబులేసు స్కూటర్ దిగాడు, జాకెట్ తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పుకుని, హ్యాండిల్‌కు పొట్లాల సంచి తగిలించుకుని. అక్క ఒక కాలు పగిలిన బండ మీది నుంచి ఇవతల నీళ్లలో పెట్టి, నా భుజం మీద బరువంతా వేసి, రెండో కాలు ఈడ్చుకుంటోంది. వాడు మా ఇద్దర్నీ చూడలేదు. ముక్కలైన బండనే చూశాడు.

"అయ్యో మేడమ్, ఎంత పని చేసినారు! రేపు పెద్దసార్లు చూడనీకి వస్తామన్నారే. ఇప్పుడు ఆళ్లకు ఈడ ఏం చూపియ్యాల నేను?"

అక్క రెండో కాలు కూడా గడప దాటించి, నిలదొక్కుకుని, తలెత్తి వాడి మొహంలోకి చూసింది.

"నన్ను చూపియ్ నాయనా" అంది.